ఎద్దు నరాలు వేసిన విల్లు

"గా విల్లు వట్టుకొని నువ్వు రేపు గడప దాటితే, మల్ల నా చేతి అంబలి నీకు లేదు!"

"లేకుంటే లేకపాయె అత్తమ్మ. జొన్నలు పందులు తిన్నంక అంబలి దేంతోని కాస్తవ్?"

"నోరు జూడు దీని నోరు! ఆడది విల్లు ముట్టుడే పాపం. దానికి ఎద్దు నరాలు అంటువెట్టినవ్. మన ఎద్దువి! పొలాల అమాస నాడు నేను బొట్టు వెట్టి మొక్కిన ఎద్దువి!"

"మొక్కినవ్, కాదన్ననా? బతికున్నన్ని రోజులు దాని పేడతోని ఇల్లు అలికితిమి. అప్పుడు లేని మైల చచ్చినంక యాడికెల్లి వచ్చింది?"

ఇచ్చోడకు పూట నడక దూరంలో, అడవి అంచున ఉన్న మా ఇంట్లో, ఒక సాయంత్రం మా అత్తకూ నాకూ జరిగిన మాటలివి. నేను గడప లోపల విల్లు పట్టుకుని ఉన్నాను. ఆమె గడప బయట చీపురు పట్టుకుని ఉంది. మా మామ అరుగు మీద నులక మంచంలో పడుకుని ఇద్దరి మాటలూ వింటున్నాడు. పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయి అప్పటికి రెండేళ్లు. నోరు బాగానే ఉండేది కానీ, మా అత్త ముందర అది కూడా పడిపోయేది.

నిజాం పోయిన మూడో ఏడో నాలుగో ఏడో, సరిగా గుర్తు లేదు. నేను చదివింది రెండో తరగతి. ఏళ్లు లెక్కపెట్టడం కంటే పంటలు లెక్కపెట్టడం నాకు బాగా వచ్చు. మాకున్నది ఒకటే జొన్నచేను, అడవిని ఆనుకుని. ఆ జొన్నలు వస్తే ఏడాదంతా నలుగురం తింటాం. అంతకుముందటి ఏడాది అడవిపందులు పడి సగం చేను తొక్కి పోయాయి. ఆ ఏడు ఎండాకాలం మేము ఒక పూటే తిన్నాం. ఊళ్లో ఉన్న ఒక్క తుపాకీ నిజాం పోయేటప్పటి గడ్‌బడ్ రోజుల్లో పోయింది. మిగిలింది మా మామ తడ చెట్టు కర్రతో తానే చెక్కుకున్న విల్లు. చెయ్యి పడిపోయాక అది దూలానికి వేలాడుతూ ఎండి, బాణం పోయే దిక్కు, అంటే వీపు మీద, సన్నగా పగిలింది. అట్లాగే లాగితే రెండు ముక్కలవుతుంది.

ఆ ఎండాకాలం పోయి, పొలాల అమావాస్య దాటిన వారానికి మా ఎద్దు కడుపుబ్బి చచ్చిపోయింది. ఒంటెద్దుతో సేద్యం ఎట్లా? ఇంకో ఎద్దుకు సంపాదిస్తానని మా ఇంటాయన మందమర్రి బొగ్గుబాయికి పోయాడు. తోలు పని చేసే పెద్దాయన ఊరి చివరి నుంచి వచ్చి ఎద్దును తీసుకుపోయాడు. అట్లా పోయిన దాంట్లో మళ్లీ మాకు వాటా ఉండదు, అది ఊరి ఆచారం. బండి కదిలేటప్పుడు మా మామ తనలో తాను అన్నట్టు అన్నాడు, "దాని వెన్నునరాలు వీపుకు అంటిస్తే విల్లు బతుకుతుండె."

నేను విన్నాను. మర్నాడు ఆ పెద్దాయన ఇంటికి పోయి అడిగాను. ఆయన నన్ను వాకిట్లోనే ఆపి, "కాపోళ్ల కోడలివి, గీడికొచ్చినవేంది బిడ్డ? మీ అత్తకు తెలుస్తె నిన్ను బతకనియ్యది" అన్నాడు. "తెలువనియ్యి తాతా. నరాలు ఇస్తవా, ఇయ్యవా?" అన్నాను. వెన్ను పక్కన రెండు నరాలు, బెత్తెడు వెడల్పున, తెల్లగా పట్టీల్లాగా ఉంటాయి. వాటిని శుభ్రంగా గీకి ఇచ్చాడు. బంక కాచుకోవడానికని తోలు అంచులు కూడా కొంగులో వేశాడు. ఏమీ తీసుకోలేదు. "ఆ ఎద్దు నాకు గూడ ఎరుకున్నదే" అన్నాడు.

నరాలు నీడలో ఆరితే కొమ్ములాగా గట్టిపడ్డాయి. రోకలి ముడితే అత్త ఊరుకోదు, అందుకని బావి దగ్గరి గుండురాయితో దంచాను. దంచిన కొద్దీ అవి పోగులు పోగులుగా విడిపోయాయి. పోగులు విడదీయడం నాకు కొత్త కాదు. నేను పుట్టింది హుజూరాబాద్ దిక్కు. మా ఇంటి పక్కంతా మగ్గాల ఇళ్లే. చిన్నప్పుడు వాళ్లకు నూలు కండెలు చుట్టేదాన్ని. బడి మానింది అందుకే. పొద్దున్నే వాళ్లు బజారు పొడుగునా పడుగు దారాలు చాచి గంజి పెట్టి, కుంచెతో దువ్వుతుంటే చూసేదాన్ని. ఒక్క పోగు ముడిపడినా పెద్దలు తిట్టేవారు. ఆ తిట్లు నాకు ఇక్కడ పనికొచ్చాయి.

తోలు ముక్కలు కడిగి, పెరట్లో మూడు రాళ్లు పెట్టి పాత కుండలో రోజంతా సన్నని మంట మీద కాచాను. వాసన ఊరంతా పోయింది. మా అత్త ముక్కుకు కొంగు కట్టుకుని తిరిగింది. గుడ్డలో వడగట్టి బంకను కొలిచి చూశాను. దోసెడు కూడా లేదు. విల్లు వీపంతటికీ ఎట్లా సరిపోతుంది? అప్పుడే నాకు పడుగుకు పెట్టే గంజి గుర్తొచ్చింది. చారెడు జొన్నపిండి గంజి కాచి అందులో కలిపాను. బంక రెండింతలయింది. దాంతో నరాల పోగులు విల్లు వీపుకు అతికించి, ఎంత తెలివిగలదాన్నో అని నాకు నేనే మురిసిపోయాను.

నాలుగో రోజుకు విల్లు రెండు కొసల్లో నరాలు లేచి నిలబడ్డాయి. చీమలు బారులు కట్టాయి. మామ ఎడమచేత్తో విల్లు ఎత్తి వాసన చూశాడు.

"ఏం గలిపినవ్ కోడలా?"

"జర గంజి, మామా."

"గంజా! గిది చీరనుకున్నవా ఏంది, మడతవెట్టి అంగట్ల అమ్మనీకి?" అని నవ్వాడు. చెయ్యి పడిపోయాక ఆయన అట్లా నవ్వడం నేను అదే చూడటం. అరుగు దిగివచ్చిన అత్త మాత్రం నవ్వలేదు. "మంచిగైంది. ఇగనన్న దాన్ని పొయ్యిల వెట్టు" అంది.

పొయ్యిలో పెట్టలేదు. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి విల్లుకు చుడితే బంక మెత్తబడి నరాలు ఊడివచ్చాయి. ఒక్క పోగు కూడా పారేయకుండా కడిగి మళ్లీ ఆరబెట్టాను. బంకకు మాత్రం మళ్లీ ఆ పెద్దాయన ఇంటికే పోయాను. ఈసారి పట్టపగలు, బజారు మధ్య నుంచి పోయాను. చూసేవాళ్లు చూశారు.

రెండోసారి మామ మంచంలో నుంచి చెప్తుంటే చేశాను. విల్లు వీపును గాజుపెంకుతో గీకాను. బూడిద నీళ్లతో కడిగి, చేతి జిడ్డు తగలకుండా ఆరబెట్టాను. "బంక మసలనియ్యకు. మసిలితే సత్తది. వేలు వెడితే వేలు ఓర్చుకోవాలె" అన్నాడు. పోగులు నీళ్లలో నానేసి, పిండి, వెచ్చని బంకలో ముంచి, రెండు వేళ్ల మధ్య పిండుతూ చాచాను. విల్లు నడుమ నుంచి కొసల దాకా పరిచాను. ఒక అతుకు పక్కన ఇంకో అతుకు రాకుండా, గోడకు ఇటుకలు పేర్చినట్టు. నా తల దువ్వెనతోనే దువ్వాను. ఉన్నది ఒకటే దువ్వెన. తర్వాత వచ్చిన పండుగకు నేను వేళ్లతో తల దువ్వుకున్నాను.

నలభై రోజులు నీడలో ఆరింది. ఆరిన కొద్దీ నరాలు బిగిసి, విల్లు కొసలు వెనక్కి వంగాయి. వీపు తేనె రంగుకు తిరిగింది. అత్త నీళ్లకు పోయినప్పుడల్లా మామ నాకు పెరట్లో గడ్డివాము మీద గురి నేర్పాడు. సగమే లాగనిచ్చేవాడు. "కొత్త నరం. మెల్లగ అలవాటు గావాలె. నిండుగ లాగే దినం వస్తది" అనేవాడు.

కంకులు పాలు పోసుకున్నాయి. ఆ రోజు చేను గట్టు మీద పందుల అడుగులు కనిపించాయి. అందుకే ఆ సాయంత్రం గడప దగ్గర ఆ కొట్లాట.

మా అత్త చీపురు కింద పడేసి మామ మీదికి తిరిగింది. "నువ్వన్న జెప్పవేంది? నీ విల్లు, నీ ఎద్దు. కోడలు మొగోని లెక్క చేన్లకు పోతది, ఊరు నవ్వదా?"

మామ ఎడమచెయ్యి ఆనించి మంచంలో లేచి కూర్చున్నాడు. తర్వాత నా వైపు చూసి, "మంచు వడితే బంక మెత్తవడ్తది. గొంగడిల చుట్టుకపో" అన్నాడు.

"గంతేనా నువ్వు జెప్పేది?" అంది అత్త.

"గంతే."

నేను కూడా ఒక మాట అన్నాను. "నవ్వేటోళ్లను రేపు చేను కాడికి రమ్మను అత్తమ్మ. పందులను జూసి గూడ నవ్వుతరేమో జూస్త." ఆమె ఇంట్లోకి పోయి తలుపు చాటున కూర్చుంది.

తెల్లవారి వెలుగు రాగానే విల్లు గొంగడిలో చుట్టుకుని, మూడు బాణాలతో చేను దగ్గరికి పోయాను. ఎనిమిదో తొమ్మిదో పందులు అప్పుడే గట్టు దాటుతున్నాయి. తాడెక్కించి, మొదటిసారి చెవిదాకా లాగాను. చెవి పక్కన నరం కిర్రుమంది. విరగలేదు. బాణం ముందున్న పెద్ద పంది తొడకు తగిలింది. అది అరుస్తూ వెనక్కి తిరిగితే మంద మొత్తం దాని వెంట అడవిలోకి పోయింది. నాలుగు జొన్నకర్రలు తప్ప చేను నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి ఎండ పడింది. మామ విల్లు తీసుకుని, పగులు ఉన్నచోట బొటనవేలు పెట్టి నడుమ నుంచి కొస దాకా తడిమి, మళ్లీ నాకే ఇచ్చాడు. అత్త అంబలి గిన్నె నా చేతికి ఇవ్వలేదు. తన మాట పోకుండా గడప మీద పెట్టి, బిందె తీసుకుని నీళ్లకు పోయింది. నేను విల్లును దూలానికి కట్టి, గడప మీదే కూర్చుని తాగాను. అందులో అత్త ఉప్పు వేయలేదు.