గుప్పెడు బెంగాలీ మసాలా

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వెళ్లే బస్సులో నా పక్కన ఒక బెంగాలీ అమ్మాయి కూర్చుంది. భర్త రైసుమిల్లులో పనిచేస్తాడట. పుట్టింటికి వెళ్లి మూడేళ్లయిందట. ఒళ్లోని డబ్బా తెరిచి, వీడియో కాల్‌లో తల్లికి చూపిస్తోంది. జీలకర్ర, ధనియాలు, బిర్యానీ ఆకు వేయించి దంచిన పొడి గుప్పెడే ఉంది.

"ఇంత కొంచెమేనా? మా విజయనగరంలో ఏడాదికి సరిపడా కొట్టించుకుంటాం" అన్నాను.

"మేం వారానికే చేస్తమక్కా. ఆగితే వాసన పోతది," అంది అచ్చం ఇక్కడి తెలుగులో. "రంగు మంచిగుందంటున్నది అమ్మ. వాసన ఫోన్ల పోదు గద. జర నువ్వు సూసి చెప్పు, మాడిందా?"

బెంగాలీ వంట నేనెప్పుడూ తినలేదు. అయినా కళ్లు మూసుకుని వాసన చూశాను.

"మాడలేదమ్మా, కమ్మగా ఉంది."

ఆ మాట తన భాషలో తల్లికి చెప్పింది. అవతల తల్లి ఫోన్‌కు దగ్గరగా జరిగింది. తర్వాత ఆమె ఏదో అడిగింది.

"ఇంకొక్కసారి సూడమంటున్నదక్కా, మా అమ్మ."