ఉల్టా కత్తి

2008 నవంబరులో మా ఇనుప కడ్డీల ఫ్యాక్టరీలో కొత్త రోలింగ్ లైను బిగించడానికి జపాను నుంచి నలుగురు ఇంజనీర్లు వచ్చారు. ఫ్యాక్టరీ రాయ్‌పూర్ పక్కన ఉర్లాలో ఉండేది. అప్పటికి నేను టూల్ రూము ఫోర్‌మన్‌ని. టూల్ రూము అంటే ఫ్యాక్టరీలోని పనిముట్లన్నిటికీ ఆసుపత్రి అనుకోండి. మొండిబారిన కటింగ్ టూల్సు, విరిగిన డ్రిల్లులు, అరిగిన డైలు అన్నీ మా దగ్గరికే వస్తాయి. ప్రతిదానితోపాటు జాబ్ కార్డు అనే కాగితం ఒకటి రావాలి. ఏ విభాగం పంపింది, లోపమేమిటి, ఎప్పటికి కావాలి అన్నవి అందులో రాసి ఉంటాయి. కార్డు లేనిదే సానరాయి తిరగదు. అది నేను పెట్టిన నియమమే. సానపట్టడంలో నన్ను మించినవాడు ఉర్లా మొత్తంలో లేడని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఎలా తుస్సుమందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వచ్చినవాళ్లను శంకర్ నగర్‌లోని కంపెనీ గెస్ట్‌హౌస్‌లో దింపారు. అక్కడ వంటమనిషి పైడితల్లి. మా వాళ్లలాగే వాళ్లదీ విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. బీర్‌గావ్‌లో మా ఇంటికి రెండు సందుల అవతల ఉండేది. నన్ను అన్నియ్యా అంటుంది, నేను పైడమ్మా అంటాను. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. మూడు నెలలకోసారి గెస్ట్‌హౌస్ ఇన్‌చార్జి తివారీ గారు కాగితం మీద సంతకం పెడితేనే పని ఉంటుంది, లేకపోతే లేదు. తివారీ గారు మనిషి మంచివాడే గాని వంటింటి ఆచారం దగ్గర నిప్పు. స్నానం చేయకుండా పొయ్యి ముట్టకూడదు, చెప్పులతో గడప దాటకూడదు, ఎడమచెయ్యి తిండికి తగలకూడదు. ఈ మూడిట్లో ఒకటి తప్పినందుకు అంతకుముందున్న వంటవాణ్ణి రెండో రోజే పంపేశాడు.

జపాను బృందానికి పెద్ద మోరితా గారు. వాళ్ల పద్ధతిలో పేరు చివర సాన్ అని చేరుస్తారు, మన గారు లాగానే. మేము రెండూ తగిలించి మోరితా సాన్ గారూ అనేవాళ్లం. ఒకటి ఎక్కువైందని ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఆదివారం వంట ఆయనే చేసేవాడు. అందుకోసం ఇంటి నుంచి చెక్కపెట్టె నిండా వంట సామాను మోసుకొచ్చాడు. మొదటి ఆదివారం ఏవో డ్రాయింగులు ఇవ్వడానికి వెళ్లి ఆ పెట్టె తెరవడం చూశాను. ఎంత సంబరమైందో! లోపలంతా గాట్లు పెట్టిన మట్టి గిన్నె ఒకటి ఉంది. అందులో నువ్వులు పోసి కర్రతో గుండ్రంగా తిప్పి నూరతారు. రోలనుకుని దంచితే రెండు ముక్కలే. ఇంకొకటి రాగి పలక, అల్లం తురమడానికి. దాని ముళ్లన్నీ ఎవరో ఉలితో ఒక్కొక్కటిగా లేపినవి. ఏ రెండు వరసలూ ఒక్క తీరున లేవు. ఇంత మొరటు పనేమిటని అడిగితే, వరసగా ఉంటే అల్లం జారిపోతుందని చేత్తో చూపించాడు.

పెట్టెలోని చెక్కమూత దగ్గర పైడమ్మ ఆగలేకపోయింది. ఆ మూత కూర వండే గిన్నె మూతి కంటే చిన్నది.

"ఏటన్నియ్యా, ఈలకి మూత కొలత కూడా తెలీదేటి? లోపలికెలి పడిపోతంది!"

నిజమే కదా అనుకుని, మా కార్పెంటరు చేత సరైన సైజుది చేయిస్తానని నేనూ మాట ఇచ్చేశాను. తీరా చూస్తే అది పడిపోవడం కాదు, అక్కడే ఉండాలట. కూర మీదే వాలి, ముక్క కదలకుండా పట్టుకుని, కొంచెం పులుసునే అంతటికీ ఎక్కిస్తుందట. మర్నాడు పైడమ్మ దాన్ని వంకాయ కూర మీద వేసి చూసింది. ఒక్క ముక్క చెదరలేదని మూడు రోజులు అదే కథ చెప్పింది. తప్పుగా కనబడేది తప్పు కాకపోవచ్చని నాకు అక్కడే తెలిసిరావాల్సింది. తెలిసిరాలేదు.

మామూలు రోజుల్లో ఆ సామానంతా పైడమ్మే వాడుకునేలా మోరితా సాన్ వదిలేశాడు. అందులో కూరగాయల కత్తి ఒకటి ఉంది, ఉసుబా అంటారు. పల్చగా, వెడల్పుగా, మొనలేకుండా ఉంటుంది. తడిగా వదలొద్దు, గట్టి వస్తువు మీద వేయొద్దు అని రెండే మాటలు చెప్పి ఆమె చేతిలో పెట్టాడు.

మూడో వారం, శనివారం పొద్దున్నే పైడమ్మ ఆ కత్తిని వంటగుడ్డలో చుట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"అన్నియ్యా, ఈ కత్తి టేఢా, పక్కకెలిపోతంది. ముల్లంగి కోస్తే పైన మందంగా, కింద పల్చగా వస్తంది. నెలాకరికి నా కాయితం మీద సంతకం పడాల. తివారీ సాబు ఈ ముక్కలు సూసాడంటే ఈ మనిసికి పని రాదనేస్తాడు. ఓపాలి సూసి పెట్టన్నియ్యా."

కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. ఏ కత్తికైనా అంచు దగ్గర రెండు పక్కలా వాలు ఉంటుంది. అలా ఉంటేనే తిన్నగా దిగుతుంది. దీనికి కుడిపక్కనే వాలు ఉంది. ఎడమపక్క చదును. నాకు నవ్వు ఆగలేదు. ఎంత జపానువాళ్లయితే ఏం, రెండో పక్క పట్టడం మర్చిపోయారు పైడమ్మా అని చంకలు గుద్దుకున్నాను.

మొదటి షిఫ్టులోనే పని మొదలుపెట్టాను. జాబ్ కార్డు లేదు. నా సర్వీసు మొత్తంలో కార్డు లేకుండా చేసిన పని అదొక్కటే. అతి సన్నటి సానరాయి ఎక్కించి, ఒక్కొక్క వరసకూ నీళ్లలో ముంచుతూ పట్టాను. వేడెక్కి అంచు నీలం తిరిగిందంటే ఉక్కు టెంపరు పోయినట్టే, ఆ తర్వాత ఎంత సానపట్టినా పదును నిలవదు. నీలం కాదు కదా, పసుపు కూడా రానివ్వలేదు. చివర్లో నూనెరాయి మీద నునుపు చేసి, తోలు మీద లాగి, కాగితం కోసి చూశాను. చప్పుడు లేకుండా తెగింది. సాయంత్రం పైడమ్మ మా వంటింట్లోనే ముల్లంగి కోసి చూసుకుంది.

"సీదాగా దిగతంది అన్నియ్యా! నీ సెయ్యి బంగారం గాను!"

కోసినంతసేపూ నాకు వీపు పెట్టి నిలబడింది. ఎందుకని నేను ఆలోచించలేదు. మీసం మెలేసుకునే పనిలో ఉన్నాను.

ఆదివారం పదింటికి తివారీ గారు ఫోను చేసి, వెంటనే రమ్మన్నాడు. వెళ్లేసరికి వంటింటి బల్ల మీద ముల్లంగి తునకల కుప్ప ఉంది. మోరితా సాన్ ముల్లంగిని చక్రాలు కోయడు. చేతిలో తిప్పుతూ గుడ్డతానులా పల్చటి పొరను తెగకుండా లాగుతాడు. ఆ పొరలోంచి కత్తి కనబడుతుంది, అంత పల్చన. ఆ రోజు బెత్తెడు రాగానే తెగిపోతోంది. తివారీ గారు పైడమ్మను నిలదీస్తున్నాడు. కత్తిని ఏం చేశావు, ఎవరికిచ్చావు అని. ఆమె తల వంచుకుని నిలబడింది. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులే ఉంది.

నేనే చేశాను అన్నాను. మోరితా సాన్ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ అంతంతమాత్రమే కాబట్టి ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమైంది. ఎందుకు చేశావని అడిగాడు. ఒక పక్కకు లాగుతోందన్నారు, ఒక పక్కే పదునుంది, రెండో పక్క మీవాళ్లు మర్చిపోయారనుకున్నాను అన్నాను. ఆయన కోప్పడలేదు. కత్తి తిప్పి చూసి, అది ఒక పక్కే ఉండాలన్నాడు. పొర తీసేటప్పుడు చదునుపక్క ముల్లంగిని ఆనుకుని నడవాలట, రెండో వాలు పడితే ఆనడానికి ఏమీ ఉండదట. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడాయన ఇంకో ప్రశ్న వేశాడు. పక్కకు లాగింది ఎవరి చేతిలో?

ఆయన ముల్లంగి, కత్తి పైడమ్మ ముందు పెట్టి కొయ్యమన్నాడు. ఆమె తివారీ గారి వంక ఒకసారి చూసి కుడిచేత్తో కత్తి పట్టుకుంది. అయ్యో, ఆ కోత! రోజూ పదిమందికి వండే మనిషి, నిన్ననే పని నేర్చుకున్నదానిలా ముక్కను చిందరవందర చేస్తోంది. రెండోసారికి వేలు తెగాల్సింది, త్రుటిలో తప్పింది. మోరితా సాన్ చప్పున కత్తి అందుకుని, రెండు చేతులతో తీసుకొచ్చి ఆమె ఎడమచేతిలో పెట్టాడు.

పైడమ్మ కళ్లు మూసుకుంది. తెరిచాక మరి ఆగలేదు. టకటకటక ముల్లంగి మొత్తం చక్రాలైపోయింది. అన్నీ ఒకే మందం. నా దగ్గర వెర్నియర్ ఉంటే కొలిచేవాణ్ణి.

"ఉల్టే హాథ్ సే!" అన్నాడు తివారీ గారు. ఎడమచేత్తోనా అని. హిందీలో ఎడమచేతికి ఉల్టా హాథ్ అనే పేరు ఉంది. తిరగబడ్డ చెయ్యి అని అర్థం.

"ఉల్టా?" అన్నాడు మోరితా సాన్. ఆ మాట ఆయనకు భలే నచ్చింది. ఉల్టా, ఉల్టా అని రెండుసార్లు అనుకుని, చక్రాలు పళ్లెంలో సర్దుకుని, ఉప్పద్దుకుని ఒకటి నోట్లో వేసుకున్నాడు. తర్వాత పళ్లెం తివారీ గారి ముందుకు జరిపాడు. కంపెనీ అతిథి స్వయంగా అందిస్తే కాదనడానికి ఏ నియమమూ లేదు. తివారీ గారు నా వైపు చూశాడు, పైడమ్మ వైపు చూశాడు, ఒక చక్రం తీసుకుని తిన్నాడు. నాలుగో రోజున సంతకం పడింది. ఆ విషయం ఆయన మళ్లీ ఎత్తలేదు.

కత్తిని బాగుచేయడానికి మూడు ఆదివారాలు పట్టింది. చెడగొట్టినవాడే కూర్చోవాలి కాబట్టి నేనూ కూర్చున్నాను. చదునుపక్క నేను పెట్టిన వాలును ముట్టకూడదు. అసలు వాలున్న పక్కనే నీటిరాయి మీద అరగదీస్తూ అంచును వెనక్కి జరుపుకుంటూ పోవాలి, నా వాలు మాయమయ్యేదాకా. మిషను వద్దన్నాడు. నా జీవితంలో అంత నెమ్మదిగా ఏ పనీ చేయలేదు, అంత హాయిగానూ చేయలేదు. పైడమ్మ బజ్జీలు వేసి పెట్టేది, అరటికాయలు బాహాటంగా ఎడమచేత్తో కోస్తూ. అంచు చూసి మోరితా సాన్, నీళ్లలో ముంచావా అని అడిగాడు. ప్రతి వరసకూ అన్నాను. తల ఊపాడు. ఆ వ్యవహారం మొత్తంలో నాకు దక్కిన మెప్పు అంతే. అదే చాలనిపించింది. కత్తి వెడల్పు తగ్గింది గాని పొర మళ్లీ తానులా సాగింది.

అలా మోకాళ్లకు మోకాళ్లు తగిలేలా కూర్చున్న ఒక ఆదివారం, నీది ఎడమచేతివాటమని అన్నియ్యకు ముందే ఎందుకు చెప్పలేదే తల్లీ అని అడిగాను. నువ్వు అడగనేదు కదా అంది పైడమ్మ.

ఏడాది తర్వాత లైను చివరి పరీక్షలకు మోరితా సాన్ మళ్లీ వచ్చాడు. గెస్ట్‌హౌస్‌లో దిగుతూనే పైడమ్మను పిలిచి పొడుగాటి అట్టపెట్టె ఒకటి చేతిలో పెట్టి, "ఉల్టా!" అన్నాడు. అందులో ఇంకో ఉసుబా ఉంది. వాలు ఎడమపక్కన, చదును కుడిపక్కన. అలాంటివి అంగట్లో దొరకవట. కావాలని చెబితే కమ్మరి విడిగా కొట్టి ఇస్తాడట, నెలలు పడుతుందట. కమ్మరి అడిగింది ఒక్కటే మాటట, ఏ చెయ్యి అని.

పైడమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. తర్వాత నా చెవి దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"అన్నియ్యా, ఇది తప్పు సేసింది కాదు కదా? కావాలనే ఇలాగ సేసారు కదా?"

కావాలనే చేశారు పైడమ్మా అన్నాను. ఒలమ్మో అని కత్తి పట్టుకుని గిర్రున తిరిగింది. ఆ పూట గెస్ట్‌హౌస్‌లో తిన్నవాళ్లందరికీ అన్నంకంటే ముల్లంగే ఎక్కువ వడ్డించింది. నేను అంత నవ్విన రోజు ఫ్యాక్టరీలో ఇంకొకటి లేదు.

మర్నాడు టూల్ రూములో జాబ్ కార్డు కింద ఒక గడి చేర్పించాను, వాడేవారి చెయ్యి, కుడి లేక ఎడమ అని. దాన్ని ముందుగా నా మనుషుల చేతే నింపించాను. ధర్సీవా నుంచి వచ్చే సాహూ అనే ఫిట్టరు చాలాసేపు నసిగి, ఉల్టా సాబ్ అన్నాడు. రేకు కత్తిరించే పనిలో అతను మందకొడి అని మూడేళ్లుగా అతని వార్షిక నివేదికలో రాస్తున్నది నేనే. రేకు కత్తెరల్లో ఎడమచేతివి వేరే ఉంటాయి, కేటలాగులో కుడిచేతివాటి పక్క వరసలోనే. తెప్పించి ఇచ్చాను. నెల తిరక్కుండా సాహూ పని అందరితో సమానమైంది. ఆ ఏటి నివేదిక సరిగ్గా రాశాను. పాత మూడూ ఆఫీసు ఫైల్లోకి వెళ్లిపోయాయి, వాటిని దిద్దడానికి నియమం లేదు. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, పనిముట్టు పక్కకు లాగుతోందని ఎవరు చెప్పినా పనిముట్టును తర్వాత చూశాను, ముందు చెయ్యి చూపించమన్నాను.