లేని జనాన్ని పిలుచుకొచ్చిన మరియమ్మక్క

బుధవారం టీకాల రోజు. మొదటి బిడ్డకు సూది గుచ్చగానే వాడు గుక్కపట్టి ఏడుస్తాడు. వాడిని చూసి మిగతా బిడ్డలంతా అందుకుంటారు. జమ్మలమడుగు దగ్గర నేను నర్సుగా పనిచేసే ఈ రెండు గదుల ఆరోగ్య కేంద్రం దద్దరిల్లిపోతుంది. తల్లులు కంగారు పడతారు. నాకు మాత్రం మరియమ్మక్క గుర్తొచ్చి నవ్వొస్తుంది, ఆ వెంటనే కోపమూ వస్తుంది.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో, మా మగ్గాల వీధికే ఆశా కార్యకర్తను. మరియమ్మక్క మా వీధి ఆరోగ్య కేంద్రంలో నర్సు. దళితవాడలో పుట్టి, పట్టుబట్టి చదువుకున్న మనిషి. మా వీధిలో ఎక్కువమంది మాలాంటి ముస్లింలే. రంజాన్ నెలలో సూది వేయించుకుంటే ఒక్కపొద్దు చెడుతుందేమోనని పగలు ఎవరూ కేంద్రం గడప తొక్కేవారు కాదు. అందుకని అక్క ఆ నెలంతా, ఎవరూ చెప్పకుండానే, సాయంత్రం ఒక్కపొద్దు విడిచే వేళ దాటాక కేంద్రం తెరిచి కూర్చునేది. గర్భిణులు, బీపీ ఉన్న ముసలమ్మలు, అందరూ అప్పుడే వచ్చేవారు.

ఒక రంజాన్‌లో పట్టపగలు ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. అక్క బాలింతలను చూడటానికి ఇళ్లకు వెళ్లింది. నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఏమ్మా, జనమే లేరే?" అన్నాడు.

"ఇప్పుడు ఎవరూ రారు సార్, ఒక్కపొద్దులు గదా, సాయంత్రమైతే..." అని నేను చెబుతూనే ఉన్నాను. ఆయన "ఎవరూ రారు" వరకు రాసుకుని జీపెక్కేశాడు.

నెల తిరక్కుండానే కేంద్రాన్ని రైలు గేటు అవతలికి మారుస్తున్నామని ఆర్డరు వచ్చింది. అవతల ఉన్నవి ఎన్నికల్లో గెలిచిన నాయకుడి మనుషులు వేసిన కొత్త ప్లాట్లు. మా వీధి ఆయనకు ఓటు వేయలేదని ఊరంతటికీ తెలుసు. వాళ్లకు కావలసింది ఒక సాకు. అది నా నోటినుంచే దొరికింది. గేటు పడితే ఎంతసేపటికి లేస్తుందో తెలియదు. నొప్పులు పడుతున్న ఆడది ఆ గేటు ముందు ఆటోలో ఏమైపోవాలి?

అక్క నన్ను పల్లెత్తు మాట అనలేదు. "నువ్వు చెప్పిండేదాంట్లో సగమే రాసుకున్యాడు ఆయప్ప. మిగిలిన సగం మనమే పోయి చెబ్దాం, పా" అంది.

రంజాన్ పండుగ దాటిన బుధవారం టీకాల పెట్టె భుజాన వేసుకుని, చంకన బిడ్డలున్న తల్లులందరినీ వెంటబెట్టుకుని నేరుగా ఆ అధికారి ఆఫీసుకే నడిచింది. వరండాలో బెంచీ మీద పెట్టె దించింది. ఆయన చిందులు తొక్కుతూ వచ్చాడు.

"ఏందమ్మా ఇది? ఆఫీసనుకుంటాండావా, సంతనుకుంటాండావా?"

"మా ఈదిలో జనం రారని మీరే రాస్తిరి గద సార్. ఆ లేని జనాన్నే పిలుచుకొచ్చినా. బాగా సూసుకోండి" అని అక్క మొదటి బిడ్డకు సూది వేసింది.

బిడ్డలంతా రాగం ఎత్తుకున్నారు. ఆఫీసులో పని ఆగిపోయింది. పై అధికారి గదిలోంచి బయటికొచ్చాడు. అక్క నన్ను ముందుకు తోసి, "చెప్పు పాపా. ఈసారి మొత్తం చెప్పు" అంది. ఒక్కపొద్దుల సంగతి, సాయంత్రాల సంగతి, గేటు సంగతి అంతా చెప్పాను.

కేంద్రం కదలలేదు. అక్కను కదిలించారు. పులివెందుల దాటి తుమ్మలపల్లె వైపు ఒక పల్లెకు బదిలీ. బస్సు దగ్గర నేను ఏడుస్తుంటే, "ఎందుకే ఏడుస్తాండావు? ఆడ మనుసులు ల్యారా? వాళ్లకు జొరాలు రావా?" అని కసిరింది. అక్కడినుంచే ఫోన్ల మీద ఫోన్లు చేసి నన్ను నర్సు చదువులో చేర్పించింది. ఆమె చనిపోయి కొన్నేళ్లయింది. ఆమెను అలా ఊరు దాటించిన వాళ్లను నేను ఇప్పటికీ క్షమించలేదు.

మొన్న శనగ కోతలప్పుడు, మా కేంద్రం చుట్టూ ఉన్న వాడ వాడంతా చేలల్లో ఉండగా ఒక తనిఖీ అధికారి వచ్చాడు. ఖాళీ గది చూసి పెన్ను తీశాడు.

"కోతలకు పోయినారు సార్. పొద్దు వాలినాక వస్తారు. అది కూడా రాయండి" అన్నాను.

"నాకే చెప్తాండావా? యాడికి బదిలీ అవుతావో తెలుసునా?"

"యాడికైనా ఏసుకోండి సార్. ముందు రాయండి" అని కుర్చీ లాగి ఆయన ముందు వేశాను.

ఆయన కూర్చుని రాశాడు. చివరి అక్షరం దాకా చదివాకే ఆయన్ను జీపెక్కనిచ్చాను.