ఆర్కిటెక్ట్ గంగాదాస్ తెల్ల ఇల్లు

గంగాదాస్ దోహల పెద్ద ఆర్కిటెక్ట్. గీ ముచ్చట ఆర్మూర్‌ల ఎవ్వలు మర్శిపోకుంట ఆయనే చూసుకుంటడు. బిడ్డ యమునకు తొమ్మిదేండ్లు. నాయన గురించి పిల్లకు తెల్సిందంత ఫోన్ల జూసిందే. మేడలకు నక్షలు గీస్తడు, షేకులతోని చేతులు కలుపుతడు, ఫోటోలు స్టేటస్‌ల వెడ్తడు. ఏడాదికోసారి ఇంటికొస్తడు, వచ్చిన కాడ్నుంచి చప్పుడు చెయ్యొద్దంటడు.

ఊరి బయట, పొలం పక్కపొంటి ఉన్న ఇల్లు కూడ ఆయన గీసిందే. పైన పసుపు ఆరబోసేతందుకు డాబ లేదు, ఒంటె మూపురం లెక్క వంపు. లోపట హాలంత తెల్ల ఇటాలియన్ మార్బుల్. పసుపు పండే ఊర్ల తెల్ల నేలేంది సారూ అని మేస్త్రి అడిగితే, మీకు టేస్ట్ లేదన్నడట. అప్పటిసంది ఇంటోళ్లు కాళ్లు కడుక్కొని, తుడుసుకొని, మల్ల కడుక్కొని లోపటికొస్తున్నరు. సొంత తమ్ముడు భూమేష్ అయితే వాకిట్లకెల్లే మాట్లాడి పోతడు. హాలు మూలకు కెమెరా ఉన్నది. సారు దోహల కూసోని అన్ని కనిపెడ్తడు, అండ్లకెల్లే గద్దిస్తడు.

మొన్న మార్చిల మొగులైంది. భూమేష్ ఏడాది కష్టం, ఉడుకవెట్టిన పసుపంత, కల్లంల ఎండుతున్నది. తడిస్తే బూజు వడ్తది, మార్కెట్ల ఎవ్వడు ముట్టడు. పరదలు కప్పుతుంటే గాలికి లేస్తున్నయి. చిన్నాయన మొఖం జూసి యమునకు ఏడుపొచ్చింది. ఉరికి పోయి తలుపులు బార్ల తీసింది.

"లోపట వొయ్యుండ్రి చిన్నాయనా."

"మీ నాయన సంపుతడు బిడ్డా."

"దోహకెల్లి ఎట్ల సంపుతడు?"

తల్లి రజిత జరసేపు కెమెరా దిక్కు జూసింది. తర్వాత కొంగు నడుముకు చెక్కి గంప ఎత్తుకుంది. పక్క పొలాలోళ్లు సుత ఉరికొచ్చి తలా ఒక గంప అందుకున్నరు. వాన దంచుడు షురువయ్యేసరికి హాలంత పసుపు కొమ్ములే, గోడల దాక.

కెమెరాలకెల్లి గొంతు లేసింది. "గదేంది? ఎవల్నడిగి వోసిండ్రు? అది ఇటాలియన్ మార్బుల్, తెలుసా?"

తమ్ముని పంట ఏమైందని అడగలె. గంత పెద్ద ఆర్కిటెక్ట్‌కు గింత చిన్న సంగతి యాడ యాదికుంటది?

"పసుపు తడ్వలేదు డాడీ," అన్నది యమున.

"ఫ్లోర్ సంగతి చెప్పు."

పిల్ల కెమెరా కిందికొచ్చి నిలవడ్డది. "గృహప్రవేశం నాడు గడపకు పసుపు రాయనియ్యలేదట గద నువ్వు, మరక వడ్తదని. ఇయ్యాల ఇల్లంత రాసినం. అందరొచ్చిండ్రు డాడీ. నువ్వొక్కనివే రాలె."