గుడి ముందు విప్పిన బూట్లు

మొన్న శనివారం డాలస్ పక్కనున్న ప్లేనోలో మా స్నేహితురాలి ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ జరిగింది. భోజనాలకు పిల్లల్ని పిలుచుకురమ్మని నన్ను మేడ మీది గేమ్ రూమ్‌కి పంపారు. వెళ్ళిన దాన్ని వాళ్ళతో పాటు అక్కడే సోఫాలో కూలబడ్డాను. పిల్లలందరూ టీవీ ముందు చేతులు కట్టుకుని, రిజల్ట్స్ రోజున కాలేజీ నోటీసు బోర్డు ముందు మనం నిలబడినట్టు, ఒక నీలం గీత నిండడం కోసం చూస్తున్నారు. ఆ పొద్దునే విడుదలైన ఆటట. డబ్బిచ్చి కొన్నదే, కానీ ఇంకా ఇంటర్నెట్ నుంచి దిగుతోంది, దిగాక దాని మీద దిద్దుబాటు దిగుతుంది. అదంతా పూర్తయ్యేసరికి కింద బిర్యానీ చల్లారి, వేడెక్కి, మళ్ళీ చల్లారి, అందులోని బాస్మతి గింజలు మొలకెత్తడానికి సిద్ధమయ్యాయి. తీరా ఆట మొదలయ్యాక, కథానాయకుడు ఠీవిగా నాలుగడుగులు వేసి, నేలలోంచి జారి పాతాళానికి వెళ్ళిపోయాడు.

“అయ్యో, వాడేమిటే అలా దిగబడిపోయాడు?” అన్నాను.

“ఇట్స్ ఓకే అత్తా, నెక్స్ట్ మంత్ ఫిక్స్ చేస్తారు,” అంది మా మేనకోడలు. “అక్కడ హార్స్ ఉంది కదా, అది ఉంటే పడడు. కానీ అది కొనాలి. సాడిల్ వేరే.”

“గుర్రం కొన్నాక జీను వేరేనా? తోకైనా దాంతోనే వస్తుందా, అదీ విడిగానేనా?”

“అత్తా, ప్లీజ్! నీ స్టోరీ స్టార్ట్ చేయకు.”

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని ఇక్కడి తెలుగువాళ్ళందరి మధ్యా ఒక ఒప్పందం ఉంది, అది న్యాయమైనదే. అయితే ఇప్పుడు చెప్పబోయేది ఆ సగమూ తీసేశాక మిగిలేది.

ఆటలు డిస్కు మీద, అట్టపెట్టెలో పెట్టి అమ్మే రోజులవి. నేను కొత్తగా అమెరికా వచ్చాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అని చెప్పి మా కన్సల్టెన్సీ నన్ను డాలస్ శివార్లలో ఒక చిన్న కంపెనీకి పంపింది. బ్యాంకు లెక్కలేవో ఉంటాయనుకుని ఇస్త్రీ బట్టలు వేసుకుని, ఫైలు గుండెకు హత్తుకుని వెళితే, నిక్కరు వేసుకున్న ఒక పెద్దమనిషి నా చేతిలో జాయ్‌స్టిక్ పెట్టి, సముద్రం మీద ఓడ నడుపుతూ ఉండమన్నాడు. ఆయనే మా మేనేజరు. ఇంటికి ఫోన్ చేసి ఓడలు చూసుకునే పని అని చెప్పానే గాని ఎలాంటి ఓడలో చెప్పలేదు. దాంతో మా వీధిలో సగం మంది నేను అమెరికా నౌకాదళంలో చేరానని చాలాకాలం నమ్మారు. నేను కాదనలేదు.

మా ఆట ఒక సాహసికుడి కథ. సముద్రం, అడవి, పాత గుడి, అగ్నిపర్వతం, ఇలా ఒక్కొక్క టెస్టరుకు ఒక్కొక్క ముక్క పంచారు. నాకు సముద్రం వచ్చింది. అందులో ఏ అల దగ్గర ఓడ ఇరుక్కుంటుందో నాకు కంఠోపాఠం, కానీ సముద్రం అవతల ఏముందో తెలియదు. ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. డిస్కు ఫ్యాక్టరీకి వెళ్ళే ముందు ఒక మనిషి కూర్చుని, అడ్డదారులేవీ లేకుండా, ఆట మొదటి నుంచి చివరిదాకా ఆడాలి. మిగిలిన అందరూ వెనక నిలబడి చూడాలే తప్ప ఒక్క మాట సాయం చేయకూడదు. ఎందుకంటే డిస్కు ఒకసారి అచ్చయిపోతే ఇక దిద్దేది లేదు. గులాబ్‌జాములు పాకంలో వేశాక పిండి మళ్ళీ కలపగలమా? అదీ అంతే.

ఆసారి ఆడవలసిన సీనియరుకు జ్ఞానదంతం పీకారు. బుగ్గ బొప్పాయంత అయి, అతను ఇంట్లో ఉండిపోయాడు. సముద్రం దాటి ఏమీ చూడని నన్ను కూర్చోబెట్టారు. క్రిస్మస్ అమ్మకాలకు పెట్టెలు షాపులకు చేరాలంటే మర్నాడు కొరియరుకు డిస్కు ఇచ్చి తీరాలి. చేరకపోతే కంపెనీ మూతపడుతుందని అందరికీ తెలుసు. కంపెనీ పోతే నా కాంట్రాక్టు, దాని వెనకే నా వీసా పోతాయని నాకు అందరికంటే బాగా తెలుసు.

సముద్రం కళ్ళు మూసుకుని దాటేశాను. అడవీ దాటాను. గుడి వచ్చింది. రాతి మెట్లు, లోపల దీపాలు, ఎంత బాగా గీశారో చెప్పలేను. మెట్ల దగ్గర ఆగి, కథానాయకుడి చేత బూట్లు విప్పించి, ఒక పక్కగా పెట్టించాను. అతని సంచీలో పెట్టుకోవచ్చు, కానీ అందులో రొట్టె, పండ్లు ఉన్నాయి. తినేవాటి పక్కన చెప్పులు పెట్టే ఇంట్లో పెరగలేదు నేను. వెనకనుంచి మా గడ్డం ప్రోగ్రామరు గట్టిగా దగ్గాడు, మళ్ళీ మళ్ళీ దగ్గాడు. పాపం, జలుబు చేసిందనుకున్నాను. లోపలికి వెళ్ళగానే తలుపు మూసుకుపోయింది. బయటికి దారి గుడి వెనకవైపు నుంచి. అక్కడినుంచి నేరుగా అగ్నిపర్వతం, కాలుతున్న రాళ్ళు. మా వాడు ఉత్త పాదాలతో మొదటి రాయి మీద కాలుపెట్టి మాడిపోయాడు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ మాడిపోయాడు. వెనక్కి వెళదామంటే తలుపు తెరుచుకోదు.

మేనేజరే ఆచారం తప్పి నోరు విప్పాడు.

“బూట్లేవి?”

“గుడి బయట.”

“ఎందుకు?”

“గుడి కదా!”

 మేనేజరు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, చాలా మెత్తగా, గుడి ముందు నుంచి మళ్ళీ మొదలుపెట్టు, ఈసారి బూట్లు ఉంచుకో, పూర్తిచేసి సరిగ్గా ఉందని చెప్పు, ఇలా విప్పేవాళ్ళు ఎవరూ ఉండరు అన్నాడు. మా దేశంలో అందరూ విప్పుతారన్నాను. మీ దేశంలో మనం అమ్మడం లేదుగా అన్నాడు. మాటకు మాట చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య గాని, ఆ క్షణంలో నా కళ్ళ ముందు ఆడుతున్నవి సూట్‌కేసు, ఎయిర్‌పోర్టు. సరిగ్గా ఉందని ఒక్క మాట అంటే చాలు. అనబోయాను కూడా. కానీ కాలుతున్న రాళ్ళ ముందు ఉత్త కాళ్ళతో నిలబడ్డ వాడు తెరమీద అలాగే ఉన్నాడు. నెలంతా ఎదురుచూసి ఈ ఆట కొనుక్కున్న ఎవరో ఒకరు, సరిగ్గా ఇక్కడే, ఏం తప్పు చేశామో తెలియకుండా కూర్చుంటారు.

“విప్పినవాళ్ళ సంగతి సరే. పొరపాటున జారవిడిచిన వాళ్ళో?” అన్నాను. “వాళ్ళు మనకు ఫోన్ చేస్తే ఏం చెబుదాం? నేను సరిగ్గా ఉందని చెప్పను.”

ముందు నవ్వింది ప్రోగ్రామరు. “ఆమె రైట్,” అన్నాడు, గడ్డం గోక్కుంటూ. “దగ్గి దగ్గి నా గొంతు పోయింది కూడా.”

మేనేజరు గడియారం చూసి, తెల్లారేలోగా సరిచేయమన్నాడు. బూట్లు విప్పడానికే వీల్లేకుండా చేస్తే తేలికగా అయిపోయేది. అతను అలా చేయలేదు. ఆట మొదట్లో సంతలో పండ్లమ్మే ముసలమ్మ బొమ్మ ఒకటి ఉంటే, దాన్నే తెచ్చి గుడి వెనక తలుపు దగ్గర కూర్చోబెట్టాడు. బూట్లు బయట విడిచినవాడు అటు రాగానే ఆమె వాటిని తీసి చేతికిస్తుంది. ఆమె చేత ఏమనిపిద్దామని నన్నే అడిగారు. ‘జాగ్రత్తగా ఉంచాను నాయనా, పైసా అక్కర్లేదు’ అనే మాటను నాకు చేతనైన ఇంగ్లీషులో రాసిచ్చాను. మర్నాడు పొద్దున మళ్ళీ మొదటి నుంచి నేనే ఆడాను. కొరియరు డ్రైవరు ముందే వచ్చేస్తే, మా మేనేజరు అతనికి డోనట్ల మీద డోనట్లు తినిపించి కూర్చోబెట్టాడు. ఆ డ్రైవరు తిరిగి ఎక్కి కూర్చోగానే వ్యాను ఒక పక్కకు ఒరిగింది, అంతకంటే చెప్పను. నా కథానాయకుడు ముసలమ్మ దగ్గర బూట్లు తీసుకుని, తొడుక్కుని, అగ్నిపర్వతం దాటాడు.

ఆట ఓ మోస్తరుగా అమ్ముడైంది. కంపెనీ ఇంకొన్నేళ్ళు నిలిచింది, నా వీసా కూడా. చాలా ఏళ్ళ తర్వాత కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒక పెళ్ళి భోజనంలో నా పక్కన కూర్చున్న కుర్ర ఇంజనీరు, మాటల్లో మాటగా, చిన్నప్పుడు తను ఆడిన ఒక ఆట గురించి చెప్పాడు. గుడి మెట్ల దగ్గరకు వచ్చేసరికి, ఇండియా నుంచి వచ్చి పక్కన కూర్చున్న వాళ్ళ అమ్మమ్మ, గుడిలోకి బూట్లతోనా అని గదమాయిస్తే విప్పాడట. అవతల ఒక ముసలమ్మ వాటిని తెచ్చి ఇస్తే, వాళ్ళ అమ్మమ్మ టీవీకి దణ్ణం పెట్టిందట. ఆ ముసలమ్మను కూర్చోబెట్టింది నేనే అన్నాను. నా గురించి ఎవరో ముందే చెప్పినట్టున్నారు, మర్యాదగా నవ్వి పెరుగన్నం కలుపుకున్నాడు. జీవితంలో నేను చెప్పిన ఒకే ఒక్క అచ్చమైన నిజానికి దక్కిన గౌరవం అది. అయినా ఆ రోజంతా నేను నేలమీద నడవలేదు.

ఇప్పుడు ఆటలు చేసే పిల్లలు మాకంటే తెలివైనవాళ్ళు, వాళ్ళ బొమ్మల్లో గడ్డిపోచ కూడా గాలికి ఊగుతుంది. ఈ రోజుల్లో అయితే ఆ ముసలమ్మ దుకాణం తెరుచుకుని కూర్చునేది, బూటుకో రేటు చెప్పేది, లేదంటే ఆమె ఇంకా తయారు కాలేదు, వచ్చే నెల వస్తుందని ముందే డబ్బు పుచ్చుకునేవాళ్ళు. అందుకు నాకు కోపం లేదనను. కానీ కోపం చల్లారాక మిగిలేది మరొకటుంది. ఆ మధ్యాహ్నం కొరియరు వ్యాను రోడ్డెక్కి మలుపు తిరిగి కనబడకుండా పోయాక, మేమంతా పార్కింగ్ లాట్‌లో ఏం చేయాలో తోచక అలాగే నిలబడిపోయాం. ఇక మా చేతుల్లో ఏమీ లేదు, చేయవలసింది మిగిలీ లేదు. మేనేజరు నిక్కరు జేబుల్లో చేతులు పెట్టుకుని ఆకాశం చూస్తున్నాడు, ప్రోగ్రామరు ఏడుస్తున్నాడు, నేను జన్మలో మొదటిసారి మాట లేకుండా ఉన్నాను. ఎప్పటికీ దిద్దుకుంటూనే ఉండగల ఈ పిల్లలకు, పని పూర్తయిందని చేతులు ఖాళీగా నిలబడే అలాంటి మధ్యాహ్నం ఒక్కటైనా వస్తుందా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.