నాయిన సాపు జేసిన తెరచాప

1999ల ముచ్చట. మేడ్చల్ బస్టాండు ఎనుక మాది టెంట్ హౌజ్. షామియానాలు, పందిరి గుడ్డలు, లారీల మీద కప్పే తాడ్‌పత్రీలు కుట్టుడే మా పని. అండ్ల మా పరువంత ఒక్క దాంట్లనే ఉండె: ఝోల్ రావద్దు. అంటే కుట్టిన బట్ట యాడ గూడ సంచి లెక్క వేలాడొద్దు. ఝోలున్న షామియానా గాలొస్తె కట్టెలతోని సహా లేస్తది, వానొస్తె నీళ్లు నిల్వబడి పెండ్లోళ్ల నెత్తిన పోస్తది. దుకాణం పెట్టింది మా నాయిన. ఝోల్ అన్న మాట ఇంటెనే ఆయనకు చిర్రెత్తుతుండె.

గసొంటి దుకాణానికొచ్చి ప్రసాదరావు గారు, "కొంచెం పొట్ట ఉన్న గుడ్డ కుట్టిపెట్టాలండి" అన్నడు.

ఆయన కాకినాడ మనిషి. ఫ్యాక్టరీల డ్రాయింగులు గీసి రిటైరయి, కొంపల్లిల ఇల్లు గట్టుకుండు. శామీర్‌పేట కాడ ఒక షెడ్డు కిరాయికి దీస్కొని, కాకినాడ సముద్రంల ఏద్దామని పడవ జేస్తుండె. సముద్రం లేని కాడ సముద్రం పడవ ఏందని నాకు మస్తు నవ్వొచ్చింది. పోయి సూసినంక మాత్రం దాని సుట్టు రెండుసార్లు తిరిగిన.

దాన్ని ట్రైమరాన్ అంటరట. నడుమ ఒక పొడుగు పడవ, అటొకటి ఇటొకటి సన్న పడవలు, మూడింటిని అడ్డదూలాలతోని బిగిస్తరు. వెడల్పుంటది గాబట్టి ఊరికెనే బోర్ల పడదు. అడుగున బరువు పెట్టే పని లేదు గాబట్టి మోకాటి నీళ్లల్ల గూడ తేల్తది. అంత ప్లైవుడే. షీట్ల అంచులు ఏటవాలుగ చెక్కి, ఒకదాని మీదొకటి బెట్టి, ఎపాక్సీ అనే గట్టి జిగురుతోని అతికిచ్చిండు. లోపట ఇద్దరు పండుకునే జాగ, స్టవ్వు పెట్టుకునే గూడు.

"ఇది పందెం పడవ కాదండి, కాపురం పడవ" అన్నడు మురుసుకుంట.

గోడకు సెయిల్ ప్లాన్ అతికిచ్చి ఉండె. పడవను పక్కకెల్లి సూస్తె ఏ తెరచాప ఏడ, ఎంత అని సూపెట్టే బొమ్మ అది. తెరచాపలు కట్టే నిలువు కొయ్య ఎనుక పెద్దది మెయిన్ సెయిల్, ముంగట చిన్నది జిబ్. కొయ్యను కావాలనే పొట్టిగ గీసిండు. "పొడుగు పెడితే స్పీడొస్తుంది. కానీ పడవ ఒరిగితే మా ఆవిడకి భయం" అన్నడు.

ఆమె పేరు రత్నం గారు. చాయ్ ఇచ్చుకుంట నా ముంగటనే తన షరతు జెప్పింది. "చూడు బాబూ, చెరువులో బయల్దేరిన గట్టుకి ఎవరూ లాక్కురాకుండా ఈయన తిరిగొస్తే, కాకినాడలో నేనూ ఎక్కుతాను. రాలేదనుకో, దీన్ని అమ్మేసి ఇంటిపట్టున ఉండాలి."

ఆయన సరేనన్నడు. మూడేండ్ల కష్టం ఆ ఒక్క మాట మీద నిలబడ్డది.

ఇగ పొట్ట సంగతి. పొట్ట లేని సాపు గుడ్డ గాలి పోయే దిక్కు పడవను నూకుతది, అంతే. ఎదురుగాలికి తిరిగి రావాల్నంటె తెరచాప నడుమ ఉబ్బుండాలె. బట్ట పట్టీల అంచులు వంపుగ కత్తిరిచ్చి కలిపితె ఆ ఉబ్బొస్తది. నా చెయ్యేమో అలవాటుగ బట్టను గుంజుతనే ఉండె. దాన్ని తిట్టుకుంట తిట్టుకుంట కుట్టి ఒడగొట్టి, వేరే పని మీద బొల్లారం పోయిన. తిరిగొచ్చెవరకు నాయిన దాన్ని మడతబెట్టి సంచిల ఏసి ఉంచిండు. పాపం, సాయం జేసిండనుకున్న.

తెల్లారి శామీర్‌పేట చెర్వు. నాయిన గూడ సూడొచ్చిండు. ప్రసాదరావు గారొక్కడే పడవెక్కిండు, రత్నం గారు మాతోని గట్టు మీదనే ఉన్నది. పడవ అవతలి దిక్కు మంచిగ ఉరికింది. గట్టు దిక్కు ఎనుకకు మర్రినంక సూడాలె, తెరచాప టపటప కొట్టుకునుడే గని పడవ ముందుకు రాదు. పక్కకు జారుకుంట జారుకుంట పోయి తుంగల ఇరుక్కున్నది. ఆఖరికి చేపలోళ్లు తాడు గట్టి గుంజుకొచ్చిన్రు. ప్రసాదరావు గారి మొఖం సూడలేకపోయిన.

"అమ్మేద్దాంలే రత్నం" అన్నడు, ఆమె ఏమనకముందే.

తెరచాప ఇప్పి సూస్తె నడుమ ఉబ్బే లేదు. వంపుల బట్టంత కుట్లల్లకు మడిచి ఉంది. నాయిన దిక్కు సూసిన.

"నేనే తీసిన" అన్నడు శాన్‌గ, పెద్ద ఘనకార్యం జేసినట్టు. "గంత ఝోల్ బెట్టినవేందిరా? ఊర్ల మన ఇజ్జత్ ఏంగావాలె?"

"నాయినా, కొంప ముంచినవ్ గదనే!" అని నెత్తి కొట్టుకున్న. ఆయనకేం అర్థం గాలే. మొఖం చిన్నగ జేసుకొని గట్టు మీద కూసున్నడు.

రత్నం గారు తన మాట నెగ్గించుకొని ఇంటికి పోవచ్చు. పోలే. వచ్చి నాయిన పక్కన కూసున్నది. "పెద్దాయనా, జాకెట్టుకి టక్కులెందుకేస్తారు? ఒంటికి పట్టాలని. ఇది గాలికి కుట్టే జాకెట్టండి. మూడేళ్లుగా అన్నం దగ్గర మా ఆయన చెప్పేది ఇదే."

ప్రసాదరావు గారు పరేషానయిండు. "నువ్వే గెలిచావు కదా, మళ్లీ ఇదెందుకు?"

"గెలిస్తే మీ మీద గెలవాలి. ఈ పెద్దాయన కుట్టు వల్ల గెలిస్తే ఏం బావుంటుంది?"

నాయిన నన్ను బట్ట ముట్టనియ్యలే. కుట్లన్ని తనే ఇప్పి, నేను ముందుగాల గీసిన గీతల మీద మళ్ల తనే కుట్టిండు.

మళ్ల ఆదివారం అదే గట్టు. పడవ పోయింది, మర్రింది. ఈసారి తెరచాప కొట్టుకోలే, నిండుగ నిలబడ్డది. కాసేపు అటు, కాసేపు ఇటు ఏటవాలుగ తిరుగుకుంట మా దిక్కే వస్తాంది. "ఎదురుగాలికి వస్తాందిరో!" అని నాయిన కేకలే కేకలు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి, దాపెట్టుడెందుకు.

పడవ గట్టుకు తగిలింది. ప్రసాదరావు గారు నోరు తెరిచేలోపే రత్నం గారు చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని నీళ్లల్లకు దిగింది.

"ఎక్కడికీ?" అన్నడాయన.

"కాకినాడ సంగతి తర్వాత. ముందు ఆ గట్టు దాకా తీసుకెళ్లండి. చెయ్యివ్వండి, జారుతోంది."

ఇద్దరు పోయిన్రు. పొద్దెక్కింది, దుకాణం తెరవాలె. "నాయినా, ఇగ పోదాం పా, పనయింది గద" అన్న.

"ఆగురా. ఆ తల్లి అండ్ల కూసున్నది, కుట్టింది నేను" అన్నడు.

గిరాకి చేతిల బట్ట బెడితె మన పని ఒడిసినట్టే అని అప్పటిదాక అనుకుంటుంటి. ఆమె మళ్ల గట్టు మీద కాలు పెట్టేదాక నాయిన అక్కడికెల్లి కదలలే. నేను గూడ కూసున్న.