శనివారం కొట్టిన సున్నం

ఆ శనివారం పొద్దున ఎవరూ అడగకుండానే ఒక గోడకు సున్నం కొట్టాను. సాయం చేస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. చేయి ఆడుతున్నంతసేపూ అది అబద్ధమని తెలుసు.

ఆత్మకూరులో మా వాడ చివర ఒక చిన్న ప్రార్థన గది ఉంది. దాన్ని కట్టుకున్నది నాలుగైదు కూలి కుటుంబాలు. వాళ్ల తాతలు చర్చికి పోయేవారు. వీళ్లు యూదులమని చెప్పుకుంటారు. శనివారం వాళ్లకు విశ్రాంతి రోజు, చుక్కలు పొడిచేదాకా పొయ్యి వెలిగించరు, పనికి పోరు. గది ముందు గోడ మీద నీలి రంగు ఆరు కొనల నక్షత్రం, దాని కింద వాళ్ల ప్రార్థన భాషలో ఒక వరుస ఉంటాయి. రెండూ నేను వేసినవే. గోడరాతలు నా వృత్తి. ఆ అక్షరాలు నాకు రావు. వాళ్లలో పెద్దాయన కాగితం పట్టుకొని నిలబడితే చూసి దించాను.

"జర పైలం తమ్మీ. ఇందుల దేవుని పేరున్నది. ఒక్కసారి రాస్తే మల్ల తుడపొద్దు. కాయితం పాతదైతే మట్టిల పెడ్తం గని తుడువం" అన్నాడాయన.

నేను తల ఊపి, లోపల నవ్వుకున్నాను. ఒక ఎన్నిక గుర్తు మీద సున్నం కొట్టి ఇంకో ఎన్నిక గుర్తు వేసుకునే బతుకు నాది. తుడవని గోడ ఉంటుందా?

ఆ శనివారం తెల్లారేసరికి నక్షత్రం మీద ఎవరో నల్ల రంగు పులిమారు. అక్షరాల వరుస కింద "మీ దేశం పోండ్రి" అని రాసి, పక్కన ఒక బూతు మాట చేర్చారు. ఏ దేశం పోతారు? ఆ గది పునాది రాళ్లు మోసింది వాళ్లే. మా వాడలో సగం ఇళ్లకు మట్టి తవ్వింది కూడా వాళ్లే.

అంతకు ముందు కొన్నాళ్లుగా చాయ్ హోటల్లో మేమంతా ఫోన్లలో యూదుల దేశం చేస్తున్న యుద్ధం చూస్తూ కూర్చునేవాళ్లం. నా భార్య తమ్ముడు, నాతోపాటే గోడలు రాసేవాడు, ఒకసారి అన్నాడు: "గా బాంబులేసేటోల్లు మన వాడల్నే ఉన్నరు గద బావా! జర అడుగు, ఎప్పుడు ఆపుతరో." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గోడ చూడగానే అది ఎవరి చేతిరాతో నాకు తెలిసింది. తలకట్టును కొడవలిలా వంచి లాగడం ఈ చుట్టుపక్కల ఇద్దరికే అలవాటు. ఒకణ్ణి నేను. రెండోవాడికి నేర్పింది నేను.

పెద్దాయన కుటుంబంతో గోడ ముందు నిలబడి ఉన్నాడు. "ఫోటో తీసిండ్రా అన్నా?" అని అడిగాను.

"శనివారం గద తమ్మీ, ఇయ్యాల తియ్యం. చుక్కలు పొడిచినంక తీసి ఠాణాకు పోతం. అందాక గట్లనే ఉండనీ."

నా జేబులో ఫోన్ ఉంది. నేను తీయవచ్చు. తీయలేదు. వాళ్లు లోపలికి పోయి, తలుపు తెరిచే ఉంచి పాట ఎత్తుకున్నారు. నేను ఇంటికి పోయి సున్నం బకెట్ తెచ్చాను. సాయంత్రానికి ఆ కొడవలి తలకట్టు కనబడకూడదు. అంతే నాకు కావలసింది.

పచ్చి సున్నం వెంటనే తెల్లబడదు. ఆరుతున్న కొద్దీ కింది రాత మసకబారుతుంది. కొసకు వచ్చేసరికి పాట ఆగింది. పెద్దాయన గడపలోకి వచ్చాడు.

"ఏంది తమ్మీ గిది?"

"మీకు చూడబుద్ధి గాదని..."

"మాకా, నీకా?"

వెనక నుంచి ఆయన భార్య వచ్చింది. గోడను, నన్ను, బకెట్‌ను చూసింది. "ఆ రాసినోడు గూడ పేరు జోలికి పోలే. నువ్వు పేరు మీదనే కొట్టినవు గదయ్యా" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"తుడిస్తే జరగనట్టే అయితది" అన్నాడు పెద్దాయన. "మేం లొల్లి పెట్టుకోం. రాసిండ్రని చెప్తం. తలుపు మూయం. ఇంకేం జేస్తం?"

నూనె రంగు మీద సున్నం గట్టిగా పట్టదని, ఆరకముందే తడిగుడ్డతో అద్దితే వచ్చేస్తుందని నా వృత్తి నేర్పింది. గోనెసంచి తడిపి తెచ్చి, "తీసేయనా అన్నా?" అని అడిగాను.

"చెయ్యమని నేను చెప్పరాదు, ఇయ్యాల శనివారం. ఇంకొకల్లతోని గూడ పని చేపియ్యొద్దు" అన్నాడు. గోడ వైపు చూసి, "వద్దని గూడ చెప్తలే" అన్నాడు.

మెల్లగా అద్దుతూ తీశాను. ముందు దేవుని పేరు బయటపడింది. తర్వాత మావాడి తలకట్లు.

మధ్యాహ్నం బావమరిది ఇంటికి పోయాను. "ఒక్క రాతకు గింత పరేషానా? అక్క మొఖం జూసన్న ఊకో బావా" అన్నాడు. నువ్వే వచ్చి ఒప్పుకొమ్మంటే రానన్నాడు. అయితే నేనే చెప్తానని లేచాను. ఇంట్లో నా భార్య అన్నం పెట్టి, నా ఎదుట కూర్చోకుండా వెళ్లిపోయింది.

చుక్కలు పొడిచాక వాళ్లు ఫోటోలు తీసుకొని ఠాణాకు బయలుదేరితే వెంట నడిచాను. అక్కడ వాడి పేరు చెప్పాను. ఆ చేతిని ఎలా గుర్తుపట్టానో, పొద్దున సున్నం ఎందుకు కొట్టానో కూడా చెప్పాను. పక్కన బల్ల మీద కూర్చున్న పెద్దాయన నా వైపు తిరిగాడు. అంతవరకు నేను తొందరపడ్డానని మాత్రమే ఆయన అనుకున్నాడు. తిరుగుదారిలో నాకంటే కొంచెం ముందు నడిచాడు.

మరుసటి శనివారం వాళ్లు వాడ మొత్తాన్ని ప్రార్థనకు పిలిచారు. వచ్చినవాళ్లు కొందరే. నేను గడప బయటే, ఆ నల్ల రంగు పక్కన కూర్చున్నాను. పోలీసుల పని అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టలేదు.

తర్వాత ఒక ఆదివారం పెద్దాయనే కబురు పెట్టాడు. కిరోసిన్ గుడ్డతో నలుపు తుడిచి, నక్షత్రానికి మళ్లీ నీలం వేశాను. కింది అక్షరాల సందుల్లో అక్కడక్కడ నా సున్నం ఇంకా అంటుకొని ఉంది. దాన్ని తీయడానికి ఆయన అనుమతి అడిగాను. సరేనని, గిన్నెలో నీళ్లు తెచ్చి నా పక్కనే నిలబడ్డాడు. తడి దూదితో ఒక్కో అక్షరం చుట్టూ శుభ్రం చేస్తూ పోయాను.